గోడకు నీళ్ళు పెట్టే మనిషి

"గోడకు నీళ్ళు పెట్టావా?"

ఆ హోటల్లో ఇరవై రెండేళ్ళుగా రోజూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్ళూ నవ్వరు, జవాబు చెప్పే మనిషీ నవ్వదు. కొత్తగా దిగిన అతిథులు మాత్రం తల తిప్పి చూస్తారు. వాళ్ళకి గోడంటే ఇటుకా సిమెంటూ. ఇక్కడ గోడంటే మొక్కల వరస. హోటలు తోటకీ పెద్దరోడ్డుకీ మధ్య అరవై మీటర్ల పొడవున, ఏడడుగుల ఎత్తున, గీత గీసి కోసినట్టు నిలబడిన పచ్చటి గుబురు. అవతల లారీ హారను మోగిస్తే ఇవతల బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళకి ఎక్కడో దూరాన మోగినట్టుంటుంది. దాన్ని మొదట గోడ అన్నది ఎవరో తెలియదు. గోడ పక్క బల్ల, గోడ నీడ, గోడకి క్షవరం. మాటలు అలాగే స్థిరపడతాయి, ఎవరూ సంతకం పెట్టకుండానే.

ఆ గోడని పెంచిన మనిషిని హోటల్లో కత్తెరమ్మ అంటారు. యాభై నాలుగేళ్ళావిడ. కూర్చోవడం చేతకాని మనిషి. భోజనం నిలబడి చేస్తుంది, ఫోను నడుస్తూ మాట్లాడుతుంది, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడుతుంది. వయసులో ఉన్నప్పుడు యూనిఫారాలు కుట్టే కర్మాగారంలో చేరింది. మిషను ముందు కూర్చోలేక కత్తిరింపు బల్ల దగ్గరికి మారింది. అక్కడ నిలబడే పని. కొన్నాళ్ళకి ఆ బల్ల మీదికి కరెంటు కత్తి వచ్చింది, ఆవిణ్ణి మళ్ళీ మిషను ముందు కూర్చోబెట్టారు. తొమ్మిది రోజులు కూర్చుని పదో రోజు మానేసింది. హోటలువాళ్ళకి కిటికీ తెరలు కత్తిరించడానికి వచ్చినప్పుడు, మోకాలెత్తున ఎగుడుదిగుడుగా పెరుగుతున్న ఈ మొక్కల్ని చూసి, "దీన్నెవరు కత్తిరించారండీ, ఎలకా?" అంది. తెరల పని రెండు రోజుల్లో అయిపోయింది. మొక్కల పని అవలేదు.

"మా తోటమనిషి మొక్కల్ని కన్నబిడ్డల్లా చూసుకుంటుంది" అని హోటలువాళ్ళు ప్రచార కాగితంలో అచ్చువేశారు. అది చదివి ముందు ఆవిడే నవ్వింది. "కన్నబిడ్డ జుట్టు నేనిలా కత్తిరిస్తే పోలీసులొస్తారు" అంది. మొక్కలతో మాట్లాడుతుంది, నిజమే. కానీ అవన్నీ తిట్లు. "ఎక్కడికే ఆ వంకర పోకడ? తిన్నగా చావలేవూ?" అంటుంది. పూలంటే ఇష్టం లేదు, అవి గీత చెడగొడతాయి. రెండు చివరలా మేకులు కొట్టి, వాటి మధ్య దారం బిగించి, ఆ దారం వెంట గుడ్డ కోసినట్టు కోసుకుంటూ పోతుంది. పెట్రోలు యంత్రం కొనిస్తామంటే వద్దంది. యంత్రం మీద పగేమీ లేదు. అది ఆకుని కొయ్యదు, చింపుతుంది. చినిగిన అంచు వారానికి గోధుమరంగు తిరుగుతుంది. కారణం అంతే.

గాలివాన సోమవారం మధ్యాహ్నం నాలుగింటికి వచ్చింది. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. వంటింటి మీద రేకులు లేచిపోయాయి, హాలు అద్దాలు రెండు పగిలాయి, రోడ్డు వైపు నుంచి కొట్టిన గాలికి గోడ మొత్తం తోటలోకి ఒరిగి పడుకుంది.

మంగళవారం పొద్దున కత్తెరమ్మ దాని పక్కన మోకాళ్ళ మీద వంగి చూసింది. రోడ్డు వైపు వేళ్ళు మట్టితో సహా పైకి లేచి గాల్లో వేలాడుతున్నాయి. తోట వైపు వేళ్ళు మాత్రం ఇంకా నేలని వదల్లేదు. కాండం మీద బొటనవేలి గోరుతో గీరింది. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంది. బతికే ఉన్నాయన్నమాట. సగానికి పైగా కొట్టేసి, తాడు కట్టి లేపి, వేళ్ళు మళ్ళీ మట్టిలో పూడ్చి, కర్రలు ఊతమిస్తే లేస్తాయి. నాలుగు రోజుల్లో చెయ్యాలి. ఎండ కాస్తే మూడు.

కత్తెర తీసింది. అప్పుడే మేనేజరు మెట్ల మీద నుంచి కేక వేశాడు.

"అమ్మా! ఆగు, ఆగు! కత్తెర కింద పెట్టు!"

మేనేజరు ఆవిడకన్నా పదిహేనేళ్ళు చిన్న. మంచివాడే, కానీ ఫోనులో ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాట వినే రకం. ఆ పొద్దున అలా మాట్లాడింది బీమా కంపెనీ.

"వాళ్ళ సర్వేయరు వచ్చి చూసేదాకా, మనం పంపే నష్టాల పట్టీలో ఉన్నది ఏదీ కదపకూడదట. ఉన్నది ఉన్నట్టు ఉండాలి."

"ఎప్పుడొస్తాడు బాబూ?"

"రెండు మూడు రోజుల్లో."

"రెండా, మూడా?"

"అమ్మా, నేను సర్వేయర్నా?"

ఆ పట్టీ రాసింది గుమాస్తా. హోటల్లో చేరి అయిదు నెలలైన కుర్రవాడు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాడు, పుప్పొడి పడదని తోటలోకి అడుగు పెట్టడు. లోపలి ఫోనులోంచే అడిగాడు.

"పిన్నీ, తోటలో ఏమేం పోయాయో చెప్పు, రాసుకుంటా."

"గొడుగు బల్లలు రెండు. దీపం స్తంభం ఒకటి. గోడ."

"గోడ ఎంత మేర?"

"మొత్తం. అరవై మీటర్లు."

"వామ్మో! ఎత్తు?"

"ఏడడుగులు. రాసుకున్నావా? ఇంక పెట్టెయ్, నాకు పనుంది."

పని ఉందని అలవాటు కొద్దీ అంది. నిజానికి ఆ రోజు నుంచి ఆవిడకి పని లేదు. ఉన్న పని చెయ్యనివ్వరు.

పని చెయ్యనివ్వని కత్తెరమ్మని చూడ్డం హోటలుకి కొత్త. పట్టీలో లేని పచ్చిక అంచుల్ని రెండు సార్లు కోసింది. కుండీలన్నీ ఎడమ నుంచి కుడికి మార్చి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి మార్చింది. రిసెప్షన్లో తెరల అంచులకి వేలాడే దారాలన్నీ కత్తిరించేసింది. ఆ పైన వంటమాస్టరు మీసం వైపు చూసిందని వంటింట్లో చెప్పుకున్నారు.

"ఏం వదినా, కత్తెరకి సెలవిచ్చారటగా?" అన్నాడు వంటమాస్టరు గుమ్మంలో నిలబడి.

"నీ గరిటెకి ఇప్పించి చూడు, తెలుస్తుంది."

"నా గరిటెకి సెలవిస్తే అతిథులు బాగుపడతారని ఇప్పటికే అంటున్నారు."

ప్రతి గంటకీ వెళ్ళి గోరుతో గీరి చూసేది. మంగళవారం సాయంత్రం పచ్చగానే ఉంది. బుధవారం ఎండ కాసింది. గొట్టం లాక్కొచ్చి, పైకి లేచిన వేళ్ళ మీద నీళ్ళు కొడుతుంటే మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోవద్దన్నాను కదమ్మా!"

"నేనెక్కడ ముట్టుకున్నాను బాబూ? నీళ్ళు ముట్టుకుంటున్నాయి."

"తడిస్తే ఫొటోలో వేరేగా కనబడుతుంది."

"గాలివాన నష్టం అనే కదా రాశారు. వానకి తడిసిందనుకుంటారు."

మేనేజరు నీళ్ళ సంగతి వదిలేశాడు. తడిగోనెలు కప్పుతానంటే మాత్రం ఒప్పుకోలేదు, ఏదో దాచినట్టుంటుందన్నాడు. గొట్టం నలభై మీటర్ల దాకా చేరింది. మిగిలిన ఇరవైకి వంటింటి కుళాయి నుంచి బకెట్లతో మోసింది. మోసిన దాంట్లో సగం నేల తాగింది. బుధవారం సాయంత్రం కబురొచ్చింది. ఊళ్ళో సగం కప్పులు లేచిపోయాయి, సర్వేయరు ఒక్కడే, సోమవారం దాకా రాలేడు.

సోమవారం. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఏడు రోజులు.

గురువారం పొద్దున గుమాస్తా ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని మొదటిసారి తోటలోకి దిగాడు.

"పిన్నీ, సర్వేయరుగారు ఫోను చేశారు. గోడ ఇటుకదా, రాయిదా, కాంక్రీటా అని అడుగుతున్నారు."

"ఏ గోడ?"

"అదే, నువ్వు చెప్పిన అరవై మీటర్ల గోడ."

కత్తెరమ్మ కత్తెర మొనతో చూపించింది. "ఇదిగో."

గుమాస్తా చూశాడు. వంగి చూశాడు. మునివేళ్ళ మీద లేచి అటు పక్కకీ చూశాడు.

"ఇవి మొక్కలు కదా? గోడ వీటి వెనకాల లేదూ?"

"వీటి వెనకాల రోడ్డుంది."

గుమాస్తా మూడు సార్లు తుమ్మాడు. "అయిదు నెలల్నుంచీ వీటి వెనకాల గోడ ఉందనుకుంటున్నాను పిన్నీ. గోడకి క్షవరం అంటే సున్నం గీకడం అనుకున్నాను."

"మరి నీళ్ళు పెట్టడం?"

"కొత్త సిమెంటేమో, ఆరనివ్వట్లేదేమో అనుకున్నా."

ఇద్దరూ కలిసి మేనేజరు దగ్గరికి వెళ్ళారు. ఆయన విని, నుదురు రుద్దుకుని, "ఇప్పుడేమీ చెప్పకు. సోమవారం వస్తాడుగా, చూసుకుందాం" అన్నాడు గుమాస్తాతో. ఎంత కంగారు పడ్డా ఒకటి మాత్రం ఎవరికీ తోచలేదు. అసలా బీమా కాగితంలో ఏముందో చూద్దామని. తోచింది కత్తెరమ్మకే.

"ఆ కాగితాలొకసారి ఇస్తారా? మా ఆయన చదువుతాడు."

"నలభై ఆరు పేజీలమ్మా. ఎవరికైనా అర్థమైతే నాకూ చెప్పండి" అన్నాడు మేనేజరు, నకలు చేతిలో పెడుతూ.

కత్తెరమ్మ భర్త ముప్పయ్యేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినాయన. పని మానుకున్నాక కూడా అచ్చులో కనబడ్డది ఏదైనా చదవందే వదలడు. మందు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం, బస్సు టిక్కెట్టు వెనకవైపు, సబ్బు మీది చిన్న అక్షరాలు, ఏవైనా సరే. ఆ సాయంత్రం నలభై ఆరు పేజీలు చూసేసరికి ఆయన మొహం వెలిగింది. కళ్ళజోడు తుడుచుకుని, ఎర్రకలం తెచ్చుకుని, మొదటి పేజీ నుంచీ మొదలుపెట్టాడు. ఆవిడ గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతోంది. మడత పెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడత పెడుతోంది.

"ఎంతసేపండీ? అదేమైనా వారపత్రికా, చప్పరిస్తూ చదవడానికి?"

"ఉండవోయ్. పద్నాలుగో పేజీలో గాలివానకి దీర్ఘం ఎగిరిపోయింది. 'గాలివన' అని వేశారు."

"గాలికి పోయుంటుంది. మొక్కల సంగతి చూడండి."

ఇరవై తొమ్మిదో పేజీలో ఆయన వేలు ఆగింది.

"విను. 'ఆరుబయట పెరిగే చెట్లు, పొదలు, తీగలు, పచ్చిక, కంచెగా పెంచిన మొక్కలతో సహా.' విన్నావా? కంచెగా పెంచిన మొక్కలతో సహా. 'వీటికి అగ్ని, పిడుగు, పేలుడు, విమానం కూలడం అనే ఆపదల వల్ల కలిగిన నష్టానికి మాత్రమే పరిహారం. గాలి, వాన, వడగళ్ళు, మంచు, ఎండ అనే ఆపదల వల్ల కలిగిన నష్టం మినహా.'"

"మినహా అంటే?"

"ఇవ్వరని."

"విమానం పడితే ఇస్తారా?"

"ఇస్తారు."

"గాలి వీస్తే ఇవ్వరు."

"ఇవ్వరు."

ఆవిడ నడక ఆగిపోయింది. "మరి ఈ మూడు రోజులూ నేనెవరి కోసం ఆగానండీ?"

ఇలాంటి చోట బీమా కంపెనీని రాక్షసిని చేసి తిట్టడం సులువు. కానీ ఆ మినహాయింపు వెనకాల ఉన్నది క్రూరత్వం కాదు, అనుభవం. గాలి ఏటా వీస్తుంది, ప్రతి తోటలోనూ వీస్తుంది. వాలిన మొక్క గాలికి వాలిందో, చీడ పట్టి వాలిందో తేల్చేదెవరు? రాలిన కొమ్మకి వెల కట్టేదెవరు? అందుకే అరుదైన ఆపదల్ని ఉంచుకుని, ఏటా వచ్చేదాన్ని తీసి పక్కన పెట్టారు. ఆ సంగతి దాచలేదు కూడా, ఇరవై తొమ్మిదో పేజీలో వేశారు. తప్పు చదవనివాళ్ళది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే తప్పు ఒక మాటది. పట్టీలో "మొక్కలు" అని ఉంటే కంపెనీవాళ్ళు మంగళవారమే కొట్టేసేవాళ్ళు, ఆవిడ మంగళవారమే కత్తెర పట్టుకునేది. "గోడ" అని ఉండబట్టి అది వాళ్ళ పరిశీలనలో ఉండిపోయింది. ఆవిడ చేతులు కట్టేసింది ఆవిడ నోటిమాటే.

శుక్రవారం పొద్దున మొదటి బస్సుకే వెళ్ళింది. మేనేజరు కుర్చీలో కూర్చునేలోపే ఇరవై తొమ్మిదో పేజీ బల్ల మీద పెట్టింది.

"గోడకి రాదు బాబూ. చదవండి. ఇక నేను కత్తెర తీసుకోవచ్చా?"

మేనేజరు చదివాడు. రెండోసారి ఇంకా నెమ్మదిగా చదివాడు. తర్వాత తలెత్తకుండా అన్నాడు.

"ఇందులో మొక్కలకి రాదని ఉంది. గోడకి రాదని లేదు."

"అవి మొక్కలే కదా?"

"మనం గోడ అంటాం. ఇరవై రెండేళ్ళుగా అంటున్నాం. అదేమైనా అబద్ధమా?"

"ఇటుకా రాయా అని అడిగాడుగా ఆయన?"

మేనేజరు ఆ పేజీ మడిచి పక్కన పెట్టాడు. "సోమవారానికి అవెలాగూ ఎండిపోతాయి. ఆదివారం ఎత్తించి బయట పారేయిస్తాను. గోడ ఉండేది, పడింది, శిథిలాలు తీసేశాం అంటాం."

"ఏదీ కదపకూడదన్నారు?"

"నీ మంచికే చెబుతున్నానమ్మా. డబ్బొస్తే అక్కడ నిజం గోడ కట్టిస్తాను. దాని ముందు కొత్త మొక్కలు వేసుకుందువుగాని. రాకపోతే యజమాని ఆ జాగా కార్లకి ఇచ్చేస్తానంటున్నాడు. తోట లేనిచోట తోటమనిషెందుకని అడిగితే నేనేం చెప్పను?"

"ఇవాళ లేపితే బతుకుతాయి."

"అన్నీ?"

గురువారం సాయంత్రం చివరి ఇరవై మీటర్లలో గోరుతో గీరితే కొన్నిచోట్ల పచ్చ కనబడలేదు.

"బతక్కపోతే? అప్పుడు డబ్బూ ఉండదు, మొక్కలూ ఉండవు, నువ్వూ ఉండవు. ఆలోచించుకో" అన్నాడు మేనేజరు.

ఆవిడ ఆలోచించుకుంది. మేనేజరు గది నుంచి గుమాస్తా బల్ల దాకా ఉన్న పద్దెనిమిది అడుగులూ ఆలోచించుకుంది.

"ఆ సర్వేయరు నెంబరుందా?"

గుమాస్తా మేనేజరు గది తలుపు వైపు చూశాడు. తర్వాత ఒక కాగితం బల్ల అంచు దాకా జరిపి, అయిదు నెలల్లో మొదటిసారి కుర్చీ తిప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇక్కడ నిజాయితీ లాంటి పెద్దమాట వాడబుద్ధి వేస్తుంది. వాడకూడదు. ఆవిడకి బీమా కంపెనీ మీద ప్రేమేమీ లేదు. మొక్కలు బతికే దారిలో ఒక అబద్ధం అవసరమై ఉంటే చెప్పేదేమో కూడా. ఆ పూటకి నిజం దగ్గర దారి, అంతే.

"హోటలు నుంచండీ. గోడ గురించి."

"ఆఁ, అరవై మీటర్ల గోడ. చెప్పండమ్మా, ఇటుకేనా?"

"ఆకులు."

"ఏమిటీ?"

"ఆకులండీ. మొక్కలు. వరసగా పెంచినవి. మేం గోడ అంటాం."

"మొక్కల్ని గోడ అంటారా?"

"మీరు గాలిని ఆపద అంటారట, మేమేమైనా అన్నామా?"

అవతలి మనిషి నవ్వాడు. అలసిపోయిన నవ్వు. "అమ్మా, నిన్నటి నుంచీ పదకొండు కప్పులెక్కి దిగాను. ఒక గోడ తగ్గించారు, మీ మేలు మర్చిపోను. మొక్కలైతే మాకు సంబంధం లేదు, మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి. కానీ నోటిమాట చాలదు. మీ మేనేజరు సంతకంతో సవరణ రావాలి. అది వచ్చేదాకా మా కాగితాల్లో అది గోడే. కదపొద్దు."

ఆవిడ వరండాలో గిరగిరా తిరుగుతూ ఇంటికి ఫోను చేసింది. సవరణ అన్న మాట వినగానే భర్తకి ప్రాణం లేచొచ్చింది.

"తప్పొప్పుల పట్టిక వెయ్యమను! వివరణలు రాయొద్దు, క్షమాపణలు అసలే వద్దు. ఎడమ పక్క తప్పు, కుడి పక్క ఒప్పు. ముప్పయ్యేళ్ళు అదే చేశాను. ఎంత కోపిష్టి రచయితైనా కిక్కురుమనేవాడు కాదు."

గుమాస్తా అలాగే టైపు కొట్టాడు. మొదటి పట్టీ, నాలుగో వరస. తప్పు: గోడ. ఒప్పు: మొక్కల వరస. కింద సంతకానికి జాగా.

మేనేజరు ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇది ఎవరు అడిగారు?"

"సర్వేయరుగారు."

"ఆయనకెవరు చెప్పారు?"

"నేనే."

"నన్నొక మాట అడగాలని తోచలేదా?"

"తోచింది బాబూ. అడిగితే ఇంకో రోజు పోతుందనిపించింది."

మేనేజరు మొహం ఎర్రబడింది. అయినా చేసేదేముంది? సర్వేయరుకి సంగతి తెలిసిపోయాక ఇంకా గోడే అని రాయలేడు. సంతకం పెట్టి, కలం బల్ల మీద పడేశాడు. "వచ్చే నెల యజమాని వస్తున్నాడు. అప్పటికి అది పచ్చగా కనబడకపోతే నీ తరఫున ఒక్క మాట కూడా మాట్లాడను."

"అలాగే" అన్న మాట మెట్ల మీద నుంచి వినబడింది.

శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టి ఆదివారం చీకటి పడేలోపు ముగించింది. ఇరవై రెండేళ్ళ ఎత్తుని నడుం దాకా కొట్టేసింది. దారం కట్టలేదు, గీత చూడలేదు. ఇన్నేళ్ళూ దారం పట్టి దిద్దిన అంచుల్ని రంపంతో కోస్తూ ఒక్కసారైనా ఆగలేదు. వంటమాస్టరు పనివేళల మధ్య వచ్చి తాడు లాగాడు. గుమాస్తా ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని కర్రలు పాతాడు. భర్త శనివారం బస్సెక్కి వచ్చి, లాగుతున్నవాళ్ళ వెనక నిలబడి వరస చూశాడు.

"మార్జిను తప్పుతోంది. ఆ మూడోది ఎడమకి జరపండి."

"అన్నగారూ, ఇవి అక్షరాలు కావు. చూసింది చాలు, తాడు పట్టండి" అన్నాడు వంటమాస్టరు.

లేపిన మొక్క మొదట్లో మట్టి పోసి, కత్తెరమ్మ పాదాలతో తొక్కుకుంటూ పోయింది. బురద మోకాళ్ళ దాకా వచ్చింది. చివరి ఇరవై మీటర్లకి వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నమైంది. అక్కడి వేళ్ళు పట్టుకుంటే తాళ్ళలా మెత్తగా వంగలేదు, పుల్లల్లా విరిగాయి. అయినా పూడ్చింది.

తర్వాత మూడు వారాలు ఎదురుచూడ్డం తప్ప ఏమీ లేదు. ఆ మూడు వారాలూ ఆవిడ అందరి ప్రాణాలూ తోడేసింది. నడుమెత్తు మోళ్ళ మీంచి రోడ్డు మొత్తం తోటలోకి వచ్చి పడింది. లారీ హారను మోగితే బల్లల మీద చెంచాలు కదిలాయి. అతిథులు లోపలికి వెళ్ళి కూర్చున్నారు. మేనేజరు ఆవిడ పక్క నుంచి గోడ పక్కన నడిచినట్టు నడిచి వెళ్ళేవాడు. ఆవిడ పొద్దున ఒక చివర నుంచీ సాయంత్రం మరో చివర నుంచీ గీరుకుంటూ వచ్చేది. "కదలవే. ఇంకా ఎన్నాళ్ళు అలక?" అని తిడుతూ.

పదహారో రోజున మొదటి కణుపు ఉబ్బింది. ఇరవయ్యో రోజుకి వంటింటి వైపు నుంచి చిగుళ్ళు వరస కట్టాయి. నలభై ఒక్క మీటరు దగ్గర ఆగిపోయాయి. మిగిలిన పందొమ్మిది మీటర్లలో ఒక్క కణుపూ కదల్లేదు. దాదాపు గొట్టం చేరని మేరే అది. బుధవారమైనా లేపనిచ్చి ఉంటే అనే లెక్క ఆవిడ ఎవరి దగ్గరా వెయ్యలేదు. ఎండిన మొద్దుల్ని తనే తవ్వి తీసింది. తీస్తున్నంతసేపూ తిట్లు కూడా వినబడలేదు.

బీమావాళ్ళు రేకులకీ అద్దాలకీ ఇచ్చారు. గొడుగు బల్లలంటే గొడుగులా, బల్లలా అని ఒక ప్రశ్న పంపారు. యజమాని వచ్చి, తోట ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, చిగుళ్ళని చేత్తో తడిమి చూశాడు.

"సర్వేయరు కోసం చూస్తే మొత్తం పోతుందని, నేనే తొందరపడి నిర్ణయం తీసుకున్నానండీ" అన్నాడు మేనేజరు.

కత్తెరమ్మ రెండడుగుల దూరంలోనే ఉంది. వంటమాస్టరు కిటికీలోంచి కళ్ళెగరేశాడు. ఆవిడ పట్టించుకోలేదు. ఆవిణ్ణి పనిలోంచి తియ్యలేదు. అందులో దయ కలపనక్కర్లేదు. చిగురిస్తున్న నలభై ఒక్క మీటర్లని వేరే ఎవరి చేతిలోనైనా పెడితే ఎలకలు కొరికినట్టవుతుందని యజమానికీ తెలుసు. పందొమ్మిది మీటర్ల ఖాళీ మాత్రం ఆయన వదల్లేదు. కంకర పోయించి, తెల్లగీతలు కొట్టించి, ఆరు కార్లకి చోటు చేశాడు.

మొదటి రోజే ఒక కారు వెనక్కి వచ్చి, బతికిన వరస చివరి మొక్కకి జానెడు దూరంలో ఆగింది. ఇంజను ఆగలేదు. డ్రైవరు లోపలే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. కత్తెరమ్మ తోట అవతలి చివర నుంచి పరుగులాంటి నడకతో వచ్చి అద్దం మీద కొట్టింది.

"బండి తిప్పి పెట్టండి. పొగ చిగుళ్ళ మీద పడుతోంది."

"ఇక్కడ చిగుళ్ళెక్కడున్నాయమ్మా? అన్నీ మోళ్ళేగా?"

"దిగి చూడండి."

అతను దిగాడు. ఆవిడ చూపించిన చోట నడుం వంచి, ఫోను దీపం వేసి మరీ చూశాడు. గోరంత ఆకు, ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. వెళ్ళి బండి ముందుకు తీసి తిప్పాడు. అప్పటికి ఆవిడ అక్కడ లేదు. అవతలి వైపు నుంచి ఇంకో కారు వెనక్కి వస్తోంది.